ఇద్దరు యాకయ్యలు, ఒకటే ఆల్బమ్

బతికున్న మనిషిని చంపిన ఘనత నాకుంది. అదీ పెళ్లయి పసుపు బట్టలు ఇంకా ఉతకని మనిషిని. కత్తి పట్టలేదు, విషం కలపలేదు. జనగామలో మా ఫొటో స్టూడియోలో కూర్చుని, చాయ్ తాగుతూ, ఫోన్లో నాలుగు మంచి మాటలు మాట్లాడి చంపాను. అంతటితో ఊరుకున్నానా? నిజంగా చనిపోయిన ఇంకో మనిషిని అదే పూట బతికించాను. మొదటిది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. రెండోదానికి రాదు.

స్టూడియో మా అన్న రఫీఖ్‌ది. నేను భాయ్ అని పిలుస్తాను. ఆయన ఫొటోలు తీస్తాడు, డిగ్రీలో కంప్యూటర్లు చదివిన నేను మిగతా పని చూస్తాను. పెళ్లి ఆల్బమ్‌లో ఏ ఫొటోలు పెట్టాలో ఎంచుకోవడానికి ఒకప్పుడు చుట్టాలంతా బండి కట్టించుకుని స్టూడియోకే వచ్చేవాళ్లు. మేనత్త తన ఫొటో లేదని అలిగేది. బావమరిది తన ఫొటోలో కళ్లు మూసుకున్నాయని భాయ్‌తో కొట్లాటకు దిగేవాడు. ఆ బాధ పడలేక నేనే ఒక ఆన్‌లైన్ గ్యాలరీ తయారు చేశాను. ఫొటోలు అందులో పెడితే ఇంటివాళ్లందరికీ లింకు పోతుంది. ఎవరింట్లో వాళ్లు ఫోన్లో చూసుకుని నచ్చినవాటికి గుర్తు పెడితే చాలు.

తయారుగా దొరికేవి బోలెడున్నాయి కదా అని మీరు అడగొచ్చు. భాయ్ కూడా అడిగాడు. సొంతంగా రాసిన మనిషికి ఉండే పొగరు మీకు తెలియదు. వండిన వంటలో ఉప్పు లేదంటే తినేవాళ్ల నాలుకను తప్పుపట్టే రకం అది.

"ఆల్బమ్‌కు ఏం పేరు పెడుతున్నవ్?" అన్నాడు భాయ్.

"మనిషి పేరే. అందరికి యాదుంటది."

"ఒకటే పేరు ఇద్దరికుంటె?"

"అప్పుడు కొత్త ఫొటోలు పాత ఆల్బమ్‌లనే చేరుతయి. పెండ్లి ఫొటోలు, రిసెప్షన్ ఫొటోలు ఒక్క తాననే ఉండాలె గద. పైన మాత్రం కొత్త ఫంక్షన్ పేరు పడుతది. అందరికి మెసేజ్ గూడ పోతది, దానంతట అదే!"

ఆయన అడిగింది ఒకటి, నేను చెప్పింది ఇంకొకటి. ఆయన లెన్సు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. నేను గెలిచాననుకున్నాను.

మా వైపు అన్నారం యాకూబ్ దర్గాకు మొక్కుకున్నాక పుట్టిన పిల్లలకు యాకయ్య, యాకమ్మ, యాకూబ్ అని పేరు పెడతారు. హిందువులూ పెడతారు, మేమూ పెడతాం. జనగామ బస్టాండులో నిలబడి "యాకయ్యా!" అని కేకేస్తే ఎక్కే బస్సు వదిలేసి సగం మంది వెనక్కి తిరుగుతారు. అలాంటి చోట పుట్టి పెరిగిన నేను ఆ పేరుతో ఆల్బమ్ పెట్టాను.

మొదటి యాకయ్యది దేవరుప్పుల. పత్తి రైతు. మొగుళ్లపల్లి అమ్మాయి రమతో పెళ్లయింది, ఆ ఫొటోలు అప్పటికే గ్యాలరీలో ఉన్నాయి. రెండో యాకయ్యది మహబూబాబాద్. మనుమలను ఎత్తుకున్న పెద్దమనిషి. ఆయన పోతే కొడుకు మమ్మల్ని పిలిపించి దశదిన కర్మకు ఫొటోలు తీయించాడు. ఒకరోజు పొద్దున్నే ఆ ఫొటోలు గ్యాలరీలో పెట్టి చాయ్ తెప్పించుకున్నాను. చాయ్ సగం తాగేలోపు ఫోన్ మోగింది.

"బిడ్డా, నేను సమ్మయ్యను." "మెసేజ్ వచ్చింది. యాకయ్య... నిజంగనే పోయిండా?"

ఏ సమ్మయ్య అని అడగలేదు. మహబూబాబాద్ వాళ్ల దూరపు చుట్టం కాబోలు, ఇప్పుడే తెలిసినట్టుంది పాపం అనుకున్నాను. నా గొంతు తగ్గించాను.

"అవును కాకా. ఫొటోలు మేమే తీసినం. పదోదినం గూడ మంచిగ చేసిండ్రు."

"పదోదినం గూడ అయిపోయిందా! ఫొటో తీసేటోళ్లకు చెప్పిండ్రు గని, మాకొక మాట చెప్పలేరా?"

"దుఃఖంల మరిచిపోయిండ్రేమో కాకా."

"ఏమైందే ఆయనకు?"

"షుగరట. చాన ఏండ్ల సంది ఉన్నదట."

"చాన ఏండ్ల సందా? మాకు చెప్పకుండనే చేసిండ్రా!"

ఓదార్చడంలో నాకు ఎదురులేదు. ఇంకాస్త ఓదార్చాను. "బాధపడకు కాకా. పెద్ద కొడుకే తలకొరివి పెట్టిండు. మనుమలు సుత దగ్గరనే ఉండిరి."

"కొడుకా!" ఆ కేక ఫోన్లోంచి కాదు, మొగుళ్లపల్లి నుంచి నేరుగా వినిపించినట్టయింది. "పెద్ద కొడుకా! ఎంతమంది కొడుకులే వానికి? అయ్యో, నా బిడ్డ రమ బతుకు ఆగమైపాయె!"

ఫోన్ కింద పడిన చప్పుడు. వెనక ఆడవాళ్ల ఏడుపు. తర్వాత ఏమీ లేదు.

రమ అనే పేరు ఎక్కడో విన్నట్టుందే అని కంప్యూటర్ వైపు తిరిగాను. పైన "యాకయ్య గారి దశదిన కర్మ" అని ఉంది. దాని కింద దండ వేసిన పటం. పటం పక్కనే బాసికం కట్టుకుని, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న పత్తి రైతు. ఆ పెళ్లికొడుకు చుట్టాలందరికీ పొద్దున్నే నా మెసేజ్ వెళ్లిపోయింది.

సమ్మయ్యకు చేస్తే ఎత్తలేదు. దేవరుప్పులకు చేస్తే రమ ఎత్తలేదు, పెళ్లికొడుకు ఎత్తలేదు. అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. నన్ను ఆపేవాళ్లు ఆ సమయానికి స్టూడియోలో లేరు. గ్యాలరీ నుంచే అందరికీ ఇంకో మెసేజ్ కొట్టాను: "యాకయ్య గారు బతికే ఉన్నారు. ఎవరూ గాబరా పడకండి."

భాయ్ వచ్చాడు. సంగతంతా విని అడిగాడు. "అందరికంటే... మహబూబాబాద్ వాళ్లకు గూడనా?"

తలూపాను. ఆయన బండి తాళంచెవి తీసుకున్నాడు.

దేవరుప్పుల చేరేసరికి యాకయ్య, రమ చేనులో పత్తి ఏరుతున్నారు. ఫోన్లు ఇంట్లో ఉన్నాయి. మేం చెప్పింది విని యాకయ్య ముందు నవ్వాడు. తర్వాత తన చేతులు తానే ఒకసారి చూసుకున్నాడు. అందరం ఇంటికొచ్చి, సమ్మయ్యకు మళ్లీ ఫోన్ చేస్తూ కూర్చున్నాం. ఆయన ఫోన్ మొగుళ్లపల్లిలోనే పడి ఉందని మాకేం తెలుసు?

చివరికి వాకిట్లో జీపు ఆగింది. అందరికంటే ముందు రమ నాయనమ్మ దిగింది. ఎదురుగా నిలబడ్డ యాకయ్యను పక్కకు నెట్టి, "నా యాకయ్యా!" అని ఏడుస్తూ లోపలికి పోయింది. లోపల ఎవరూ కనబడక మళ్లీ బయటికొచ్చింది.

"అమ్మమ్మా, నేను గీడనే ఉన్న," అన్నాడు యాకయ్య.

ఆమె అతని మొహం, భుజాలు, చేతులు తడిమింది. అతని ఛాతీకి తల ఆనించి మరీ గట్టిగా ఏడ్చింది. అప్పటిదాకా నాలోపల ఎక్కడో దాక్కున్న నవ్వు ఆ ఏడుపుతో పోయింది.

"రెండో మెసేజ్ చూడలేదా కాకా?" అని మెల్లగా అడిగాను.

"జీపుల పిల్లలు చదివిండ్రు," అన్నాడు సమ్మయ్య. "తొవ్వల మేం ఏడ్వద్దని ఎవలో పంపిండ్రనుకున్నం." తర్వాత అల్లుడి వైపు తిరిగి, కళ్లు తుడుచుకుంటూనే అడిగాడు. "అయితే కొడుకులు లేనట్టే గద?"

"పెండ్లయి నెల గూడ కాలే మామా," అన్నాడు యాకయ్య.

వాళ్లు మమ్మల్ని తిట్టి, అన్నం పెట్టి, మళ్లీ తిట్టి పంపించారు.

అక్కడి నుంచి మహబూబాబాద్ వెళ్లాం. చనిపోయిన యాకయ్య కొడుకు గుమ్మంలోనే నిలదీశాడు. "మా బాపు ఫొటోల నడుమ బ్యాండు మేళమేంది? బతికే ఉన్నడని ఆ మెసేజ్ ఏంది? పరాష్కమా?"

తల వంచుకుని జరిగింది చెప్పాను. లోపలి నుంచి పోయిన పెద్దాయన భార్య లచ్చమ్మ పిలిచింది. కొడుకు ఫోన్ ఆమె చేతిలోనే ఉంది.

"మనుమరాలు చదివి చెప్పింది బిడ్డా. అబద్ధమని ఎరుకే. కట్టెల మీద పెట్టంగ నేనే చూస్తి గద. అయినా ఒక్కసారి తలుపు దిక్కు చూసిన."

ఆమె ఫోన్ నావైపు తిప్పింది. తెర మీద దేవరుప్పుల యాకయ్య, రమ తలంబ్రాలు పోసుకుంటున్నారు.

"ఈ పిలగాని పేరు సుత యాకయ్యనేనా?"

"అవునవ్వా. ఇప్పుడే తీసేస్త."

"జరసేపు ఉండనియ్యి. మా పెండ్లికి ఫొటోలు తియ్యలే." వేలితో తెర మీద మెల్లగా రాసింది. "మా ఆయన గూడ గిట్లనే నవ్వుతుండె."

ఆమె చూడటం అయ్యేదాకా కొడుకుతో సహా అందరం అలాగే కూర్చున్నాం.

ఇప్పుడు మా గ్యాలరీలో ఏ ఆల్బమ్‌కూ మనిషి పేరు ఉండదు, నంబరే. మెసేజులు వాటంతట అవి పోవు, భాయ్ చదివి సరే అన్నాకే పోతాయి. ఇక నా వంతుగా ఒట్టు పెట్టుకున్నాను. ఎవరైనా ఫోన్ చేసి ఫలానా ఆయన పోయాడటగా అని అడిగితే, ముందు ఆ ఫలానా ఆయనకే ఫోన్ చేసి కనుక్కుంటాను. ఆయన ఎత్తకపోతే, ఎత్తేదాకా చేస్తాను.