మసి ఎక్కడికి పోయింది

మేడ మీద కుండీల్లో గోంగూర వేశాను. పొద్దున్నే చెంబుతో నీళ్ళు పోస్తానా, ఎండిన మట్టి ఒక్కసారిగా తడిసి గుప్పున వాసన వేస్తుంది. మా ఇంట్లో ఉండి చదువుకుంటున్న మనవరాలు స్నేహ ఆ వాసనకి వాన పడ్డట్టుందంటుంది. నాకు మాత్రం అన్నం గిన్నె గుర్తొస్తుంది. మా చిన్నతనంలో పొయ్యి మీదికి ఎక్కే ప్రతి గిన్నెకీ ముందుగా అడుగునా, చుట్టూ తడి మట్టి పూయాలి. అలా పూస్తే మసి మట్టికి పట్టుకుని, తోమేటప్పుడు దాంతోపాటే ఊడి వచ్చేస్తుంది. పూయకపోతే మసి గిన్నెను కరుచుకుని కూర్చుంటుంది. దాన్ని వదిలించడానికి బూడిద, కొబ్బరి పీచు, చింతపండు తొక్కు, మనిషి గోళ్ళు అన్నీ అరగాలి. మట్టి పూసే పని, తోమే పని నావి. వంట అక్కది.

మాది బందరు కాలవ దాటి లోపలికి పోతే వచ్చే పల్లె. నాన్న కూలికి పోయేవాడు. నాకు ఊహ తెలియక ముందే అమ్మ పోయింది. నాకంటే నాలుగేళ్ళు పెద్దదైన మా అక్క జోజమ్మ, ఇంకా వోణీ వేయని వయసులోనే అమ్మ కూర్చునే పీట మీద, పొయ్యి ముందు కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు. అన్నం వండాలి కాబట్టి కూర్చుంది.

ఆ రోజుల్లో మాకు ఋతువులు చెట్లను బట్టి తెలిసేవి కావు, పొయ్యిలోకి వచ్చేదాన్ని బట్టి తెలిసేవి. మినుములు పీకిన తరువాత మినప కట్టె వచ్చేది, చిటపటలాడుతూ పిల్లల్లాగా తొందరగా మండి తొందరగా అలిసిపోయేది; గట్ల మీది కంది కట్టె వస్తే అక్క ముఖం వెలిగేది, అది నిలకడగా మండి మంచి నిప్పులిచ్చేది; చెరకు కొట్టిన రోజుల్లో ఎండాకు మోపులకొద్దీ దొరికేది గానీ, అది భగ్గుమని కనుబొమలు కాల్చి, కూర ఉడికేలోపు బూడిదై పోయేది. ఎండలు ముదిరితే పేడ వేట. కాలవ గట్టు మీద గేదెలు పోతుంటే మేము ఆడపిల్లలం తట్టలు పట్టుకుని వాటి వెనక నడిచేవాళ్ళం. పడిన పేడ చుట్టూ కాలి బొటనవేలితో ఎవరు ముందు గీత గీస్తే అది వాళ్ళది, ఇక దాన్ని పెద్దవాళ్ళు కూడా ముట్టకూడదు. మాకు తొక్కుడు బిళ్ళ కంటే ఆ ఆటే ఎక్కువ. పోట్లాటలు కూడా దాని మీదే. ఇంటి వెనక గోడకు పిడకలు కొడితే అయిదు వేళ్ళ గుర్తులూ ఎండి అలాగే ఉండిపోయేవి. ఏ పిడక ఎవరిదో వేళ్ళను చూసి చెప్పేవాళ్ళం.

పక్కింటి రూతమ్మత్త పొద్దున్నే పిడక ముక్క తెచ్చి మా పొయ్యిలోంచి నిప్పు తీసుకుపోయేది. నాన్న చుట్ట కూడా అక్కడే అంటించుకునేవాడు. సాయంత్రం ఏ ఇంటి చూరులోంచి పొగ రాలేదో ఊరందరికీ తెలిసేది, ఆ ఇంటికి ఎవరో ఒకరు గిన్నెడు గంజి పట్టుకెళ్ళేవాళ్ళు. క్రిస్మస్ వస్తే కొత్త బియ్యం దంచి అరిసెలు. పాకం ముదరకుండా, జారకుండా నిలపాలంటే మంట అక్క చెప్పినట్టు వినాలి, వినేది కాదు. ఊదుగొట్టంతో ఊది ఊది, మర్నాడు పొద్దున పూజకి వెళ్ళేసరికి అక్క కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి. బాలయేసు ముందు మోకరించిన అక్కను చూసి బడి మాస్టారి భార్య, "ఈ పిల్లకెంత భక్తో చూడండి, ఏడుస్తూనే ఉంది పాపం" అనేది. అక్కకి భక్తి లేదని కాదు. ఆ ఏడుపు మాత్రం అరిసెలది.

వానాకాలం వస్తే నాకు భయం. ముసురు పట్టి కంప తడిసిపోతే కట్టె ఏడుస్తుందనేవాళ్ళం. చివర నురుగు కక్కుతూ సుయ్యిమంటుందే తప్ప అంటుకోదు. పొగ పైకి పోదు, ఇంట్లోనే మనిషి నడుము ఎత్తున నిలబడిపోతుంది. ఒకసారి అలాంటి ముసురులో అన్నం సగం ఉడికి ఉండగా మంట ఆరింది. అక్క వంగి ఊదింది, మళ్ళీ ఊదింది, తరువాత దగ్గు అందుకుంది. ఆ దగ్గు ఆగలేదు. ఊదుగొట్టం చేతిలోంచి జారింది, పెదాలు నేరేడు పండు తిన్నట్టు అయ్యాయి. నేను రెండు చంకల కిందా చేతులు వేసి, ఈడ్చుకుంటూ బయట అరుగు మీదికి, జల్లులోకి తెచ్చి పడేశాను. నా కేకలకి రూతమ్మత్త పరిగెత్తుకొచ్చి వీపు రుద్దింది. అక్కకి ఊపిరి తిరిగాక అత్త అంది: "ఏం లేదులేవే. అలవాటైపోద్ది."

నాన్న వచ్చి అదే మాట అన్నాడు. అక్క లేచి, "మెతుకు పట్టలేదు ఇంకా" అంటూ మళ్ళీ లోపలికే పోయింది.

నాకప్పుడు తెలిసింది ఒకటే, కట్టె ఎండుగా ఉంటే పొగ తక్కువని. ఎండు పుల్ల ముందు వెతికి తెచ్చిన తరువాతే బడికి వెళ్ళాలనుకున్నాను. వెతికేసరికి బడి గంట కొట్టేసేవాళ్ళు. అలా మూడో తరగతితో నా చదువు ముగిసింది. దానికి నేనేమీ విచారపడను, ఎందుకంటే ఆ మరుసటి వానాకాలం మా అటక మీద ఊళ్ళో ఎవరింట్లోనూ లేనంత ఎండు కంది కట్టె ఉంది, అక్క దగ్గు సగానికి తగ్గింది.

పెళ్ళయి నేను గుణదల వచ్చాను. మా ఆయనది గవర్నర్‌పేటలో కాగితాల కొట్టులో పని. బొగ్గుల కుంపటి, కిరసనాయిలు స్టవ్వు, ఆ తరువాత గ్యాసు, ఒకటొకటిగా మా వంటింట్లోకి వచ్చాయి. వచ్చినదాన్నల్లా ఊళ్ళోనే కాపురమున్న అక్క ఇంటికి కూడా చేర్చాను. అక్క స్టవ్వును అటకెక్కించింది. గ్యాసు పొయ్యి మీద గుడ్డ కప్పి, చుట్టాలు వస్తే కాఫీ మాత్రం పెట్టేది. "పొలంలో కట్టె ఊరికే పడుంటే ఇది తగలెయ్యడమేంటే? నువ్వేగా పొదుపు నేర్పావు" అనేది. ఆ మాట మొత్తం ఒకేసారి రాదు. కట్టె దగ్గర ఒక దగ్గు, పొదుపు దగ్గర ఒక ఆయాసం. ఏడాదికేడాది మాటలు పొట్టివయ్యాయి, మధ్యలో ఖాళీలు పెరిగాయి. పోయినేడు ఫోనులో "చెల్లీ" అని ఆగిపోయి, ఆ తరువాత ఏమీ అనలేక పెట్టేసింది.

బస్సెక్కి వెళ్ళి తీసుకొచ్చి డాక్టరుకి చూపించాను. ఆయన ఎక్స్‌రే ఫిల్ము చూసి, "చుట్టలు ఎన్నేళ్ళుగా తాగుతున్నారమ్మా?" అని అడిగాడు. అక్కకి కోపం వచ్చింది. "చుట్టేంటండీ! నా జన్మలో ముట్టలేదు." ఇంట్లో వంట దేని మీద అని అడిగి, విని, "పోయిందంతా తిరిగి రాదమ్మా. కానీ ఆ పొయ్యి ఇవాళే మానేస్తే ఉన్నది నిలబడుద్ది, కొంత తేలిక కూడా పడతారు" అన్నాడు. బయటికి వచ్చి అక్కతో చెప్పాను: "ఇప్పటిదాకా నీ మాట విన్నాను. ఇక వినను."

మా ఇంట్లో కరెంటు పొయ్యి ముందు నిలబెట్టాను. నిప్పు లేని పొయ్యిని అక్క కిందికీ మీదికీ చూసింది. "షాక్ కొడితే?" అని కర్ర పీట తెప్పించుకుని దాని మీద ఎక్కింది. అన్నానికి బియ్యం కడిగింది. నేను ఉప్పు డబ్బా కోసం అటు తిరిగి ఇటు తిరిగేలోపు స్నేహ కెవ్వున అరిచింది. అక్క మేడ మీది కుండీలోంచి ముందే తెప్పించి ఉంచుకున్న గుప్పెడు మట్టిని కలిపి, స్టీలు గిన్నె అడుగున చక్కగా మెత్తి ఆ నల్ల గాజు పలక మీద పెడుతోంది!

"పెద్దమ్మమ్మా, అదేంటి?"

"మట్టి పుయ్యకపోతే మసి నువ్వు తోముతావా?"

గిన్నె దించి, తుడిచి, పలక తుడిచి, మళ్ళీ పెట్టాం. అన్నం ఉడికింది. వార్చిన తరువాత అక్క గిన్నెను బోర్లించి అడుగు చూసింది. కొట్లో కొన్న రోజున ఉన్నట్టే ఉంది. వేలితో రాసి, ఆ వేలు చూసుకుంది.

"మసి ఎక్కడికి పోయిందే?"

"ఇబ్రహీంపట్నం పోయింది. అక్కడ బొగ్గు కాల్చి కరెంటు తీస్తారు. పొగ గొట్టాలు ఆకాశమంత ఎత్తున ఉంటాయి."

"అంటే నా మసి తీసుకెళ్ళి వాళ్ళ నెత్తిన పోశారా?"

స్నేహ అందుకుంది. "ఎండతో కూడా తీస్తారు పెద్దమ్మమ్మా. మేడ మీద సోలార్ పలకలు పెట్టిస్తే మన మసి అంతమేరకి తగ్గిద్ది."

"అయితే పెట్టించండి. మీ అమ్మమ్మ చేతిలోంచి రూపాయి ఊడితే గదా!"

పెట్టించాను. మాట పడి ఊరుకునే రకం కాదు నేను.

గుణదల మేరీమాత ఉత్సవాలకి ఊరి నుంచి చుట్టాలంతా దిగారు. చిన్నప్పుడు ఇదే కొండ కింద మూడు ఇటుకలు పెట్టి, పొగలో కళ్ళు మూసుకుని వండుకున్నవాళ్ళం. ఈసారి అందరికీ అక్కే వండింది, పీట లేకుండానే. పులుసు మరీ ఉరికితే మీట నొక్కి తగ్గించి, "ఇది నా మాట వినుద్ది" అని అందరినీ పిలిచి చూపించింది. తిరుగు ప్రయాణంలో కొత్త కరెంటు పొయ్యిని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంది. ఇంటికి వెళ్ళి, కొడుకు వద్దంటున్నా వినకుండా, తన పొయ్యిని గునపంతో తానే తవ్వేసిందట.

గిన్నెలకు మట్టి పూయడం ఇప్పుడు ఎవరికీ తెలియదు. పిడక ముక్క మీద నిప్పు అడగడానికి ఎవరూ రారు. చూరుల్లోంచి పొగ లేదు, ఎవరింట్లో వంట కాలేదో తెలుసుకునే దారీ లేదు. ఆ ఒక్కటీ పోకుండా ఉండాల్సింది. మిగతావాటిని తలుచుకుని కళ్ళు తుడుచుకునే ఓపిక నాకు లేదు. ఆ తుడుచుకోవడం పొయ్యి దగ్గరే అయిపోయింది.

నిన్న అక్క ఫోను చేసింది. "ఏమే, మిస్డ్ కాలిచ్చి పెట్టేసే బుద్ధి నీకు ముసలైనా పోలేదు, మొన్న కోడలు పుట్టింటికి పోయి నేనొక్కదాన్నే ఉన్నానని తెలిసీ తొంగి చూళ్ళేదు, అదేమంటే మోకాళ్ళంటావు, బస్సులో కూర్చోడానికి మోకాళ్ళెందుకే, ఆదివారం పూజ కాగానే రాకపోయావో, చేపల పులుసు వీధందరికీ పోసి నీకు గిన్నె కూడా చూపించను, వింటున్నావా లేదా!"

మధ్యలో ఎక్కడా ఆగలేదు. దగ్గలేదు. నన్ను అంతంత మాటలన్నవాళ్ళని నేను ఊరికే వదలను. అయినా చివరిదాకా ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాను.

"అయిపోయిందా అక్కా?" అన్నాను.

"అప్పుడే ఏమయింది!" అంది.