పెన్సిలుతో వీధిని వణికించిన అక్క

మా అక్క ఒక్క పెన్సిలుతో, ఒక్క వారంలో, నలభై ఇళ్ల వీధిలో ముప్పై ఒక్కమందికి ఆందోళన జబ్బు పట్టించింది. పదో తరగతితోనే చదువుకు దణ్ణం పెట్టినవాడు చెబుతున్నాడని కొట్టిపారేయకండి. అక్క ఆఫీసు కూడా ఇంచుమించు ఇది అక్క పెన్సిలు పనేననుకుంది.

అక్కది సర్వే ఉద్యోగం. ఇల్లిల్లూ తిరిగి ఏడు ప్రశ్నలు అడగాలి. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు కంగారు పడ్డారు, ఎన్ని రోజులు కుదురుగా కూర్చోలేకపోయారు, ఇలాంటివి. ఒక్కో జవాబుకు సున్నా నుంచి మూడు మార్కులు. మొత్తం పదికి చేరితే ఆ మనిషిని డాక్టరు లోతుగా చూడాలి. ప్రశ్న అచ్చులో ఉన్నట్టే చదవాలి, జవాబు అందివ్వకూడదు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో నన్ను కూడా "గత రెండు వారాల్లో ఎన్ని రోజులు ఆలస్యంగా లేచావు?" అనే అడుగుతుంది.

మిగతా వీధుల్లో నలభైమందిలో నలుగురైదుగురికే పది మార్కులు చేరాయి. అక్క ఇంట్లో కూర్చుని కాగితాలు నింపిందని అనుమానం పుట్టింది. సూపర్‌వైజరు ఒక ఇంట్లో తానే మళ్లీ అడుగుతానన్నాడు. జవాబులు కలవకపోతే ఉద్యోగం ఊడినట్టే. అక్క గుమ్మంలో నిలబడవచ్చు గానీ నోరు మెదపకూడదు. స్కూటరు మీద దింపిన నేను వెనకాలే నిలబడ్డాను.

ఆ ఇల్లు కుట్టుపని చేసే ఒకావిడది, అందరూ పిన్ని అని పిలుస్తారు. మూడు రోజుల కిందట ఆమెకు పద్దెనిమిది వచ్చాయి. సూపర్‌వైజరు మొదటి ప్రశ్న చదివాడు. లేదండీ అంది. సున్నా. రెండోదానికీ సున్నా. మూడోదానికి పిన్ని తల అడ్డంగా ఊపింది. కుట్టుమిషను మాత్రం గుడ్డ లేకుండానే టకటకలాడుతోంది. ఆమె పాదం ఆగడం లేదు.

సూపర్‌వైజరు ఆ పాదం వంక చూసి రాయడం ఆపాడు.

"మా గోడ మీద ఎర్ర గుర్తు పెట్టించింది మీరే కదా సారూ?" అంది పిన్ని.

"కాదమ్మా. నాకు గోడలతో పనిలేదు."

మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఈసారి మూడు, మూడు, రెండు... పద్దెనిమిది. ఎన్నాళ్ల నుంచని అడిగాడు.

"రోడ్డు వెడల్పు చేస్తామని గుర్తు పెట్టి ఇరవై రోజులు బాబూ. అంతకుముందు బాగానే ఉన్నా."

అతను అక్క ఫారం తిప్పి చూశాడు. అంచున పెన్సిలు రాత: 'గోడ గుర్తు, పదిహేడు రోజులు.' అలాంటి రాతే ఆ వీధి ఫారాలన్నింటి మీదా ఉంది. జబ్బని పేరు పెట్టాలంటే కనీసం ఆరు నెలలుండాలట. కంగారు నిజమే, జబ్బని ఇప్పుడే రాయలేమని చెప్పి వాటిని వేరే కట్ట కట్టించాడు. అక్క ఉద్యోగం నిలిచింది.

ఇదంతా రాసి అక్కకు చదివి వినిపించాను.

"ముప్పై ఒకటి కాదురా, ఇరవై తొమ్మిది. నేనేం పట్టించలేదు. అడిగాను, రాశాను. ఆ గుర్తులు ఇంకా గోడల మీదే ఉన్నాయి."