హంగరీ పక్షం

తిరువూరు దర్జీ ముజఫర్‌కు ఫుట్‌బాల్ పిచ్చి. 1902లో వియన్నాలో ఆస్ట్రియా తన పొరుగునున్న హంగరీని అయిదు గోల్సుతో చిత్తు చేసింది. ఆ చూడని ఆట మీద ఆయనా, పెనుగొలను రైతు ఆదిశేషయ్యా ఏళ్ల తరబడి పోట్లాడుకున్నారు. ముజఫర్ ఆస్ట్రియా పక్షం, ఆదిశేషయ్య హంగరీ పక్షం. మొన్న వేసవిలో ఆదిశేషయ్య పోయాడు.

నిన్న ప్యాంటు కురచ చేయించుకోవడానికి వచ్చిన అనుదీప్‌ను ముజఫర్ కదిపి చూశాడు.

“ఆ రోజు హంగరీవాళ్లకి అసలు ఆటే రాలేదయ్యా. ఏమంటావు?”

“మీరన్నాక అంతే బాబాయ్.”

“పోనీ, హంగరీవాళ్లే బాగా ఆడారంటాను.”

“అదీ నిజమే. ప్యాంటు సాయంత్రానికి అవుద్దా?”

అవుద్దన్నాడు ముజఫర్. ఆదిశేషయ్యయితే ఈపాటికి టీ గ్లాసు పక్కన పెట్టి పోట్లాటకు లేచేవాడు.