మాట దొరకని పుస్తకం

హైదరాబాదు కొత్తపేటలో ఎరిగినవాళ్ళు ఆయన్ని వెనకాల చైనా అంతయ్య అనేవారు. అంతయ్య చైనా వెళ్ళిందీ లేదు, ఆ భాషలో ఒక్క అక్షరం వచ్చిందీ లేదు. సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఒక ఆదివారం చర్చి అయ్యాక కోఠి వెళ్ళి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఒకటి చేతికి తగిలింది. రెండు వేల ఏళ్ళు దాటిన చైనా తత్వగ్రంథానికి ఇంగ్లీషు అనువాదం. నిలబడే చదువుతూ నెత్తి మీద ఎండ సంగతి మర్చిపోయాడు. తర్వాత అదే గ్రంథానికి మరో ఇద్దరు చేసిన అనువాదాలూ సంపాదించి పక్కపక్కన పెట్టి చూశాడు. ముగ్గురూ మూడు రకాలుగా చెబుతున్నారు. సరే, నాలుగోవాణ్ణి నేనవుతా అని తెలుగులో మొదలుపెట్టాడు. చైనా భాష రాకుండా చైనా పుస్తకం అనువదించే ధైర్యాన్ని మెచ్చుకోవలసిందే.

పద్ధతి మాత్రం ముచ్చటగా ఉండేది. ఒక్కో భాగం తెలుగు చేసి, దాని కింద ఇప్పటి మనిషికి తెలిసేలా నాలుగు మాటలు రాసేవాడు. బలవంతపెట్టకుండా పని జరగనివ్వడం అన్న సంగతి వచ్చిన చోట, సాయంత్రం పూట దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కడం గురించి రాశాడు. తోసుకోవద్దు, తలుపుకు ఎదురుగా నిలబడితే చాలు, వెనక ఉన్న జనమే నిన్ను లోపల పెడతారు అని. అది చదివి విశ్వేశ్వరరావు పడీపడీ నవ్వాడు.

విశ్వేశ్వరరావు ఇంటి ఓనరు. తెనాలి వైపు మనిషి, కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పి మానేశాడు. కింద ఆయన, పై వాటాలో అంతయ్య. రాసిందల్లా అంతయ్య ఆయనకే వినిపించేవాడు. అంతయ్య భార్య ఎల్లమ్మ దవాఖానలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి చాయ్ పెట్టి, ఈ పెద్దమనుషులిద్దరూ తావో తావో అంటూ తగువులాడుకుంటుంటే వింటూ కూరగాయలు తరిగేది.

తగువంతా ఆ ఒక్క మాట గురించే. నడిచే దారీ, లోకం నడిచే తీరూ రెండూ కలిసిన ఆ తావో చుట్టూనే పుస్తకం తిరుగుతుంది, మరి దాన్ని తెలుగులో ఏమనాలి? అంతయ్య ముందు మార్గం అని పెట్టాడు. తిరిగి చదువుకుంటే, నేనే మార్గమును అన్న ఏసు మాట మీద పాస్టరుగారి ప్రసంగంలా వినబడింది. విశ్వేశ్వరరావుకేమో అదే మాట జ్ఞానమార్గం, భక్తిమార్గం అని హరికథలా వినబడింది. ఒకే మాట ఒకరిని చర్చికీ ఇంకొకరిని గుడికీ లాక్కుపోతుంటే, పాపం ఆ పుస్తకం చెప్పిన చైనా ముసలాయన ఎటు పోవాలి? ధర్మం అంటే మరీ బరువు. దారి అంటే సరిపోయినట్టే ఉండి ఏదో వెలితి. తావో అనే ఉంచేస్తే చేతులెత్తేసినట్టు. పుస్తకమంతా పూర్తయి కూడా, ఆ మాట దొరక్క అచ్చుకు పోలేదు.

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. ఆఫీసులు మూతబడ్డాయి. పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద వంటావార్పు జరిగితే అంతయ్య గరిట పట్టేవాడు, మధ్యాహ్నం ఇంటికొచ్చి కలం పట్టేవాడు. ఏమీ చేయకపోవడం గురించి రాసే మనిషికి సమ్మె బాగా కలిసొచ్చిందని విశ్వేశ్వరరావు వేళాకోళం చేశాడు కానీ, ఆ నవ్వులో మునుపటి జోరు లేదు. వీధి చివర వినబడే నినాదాల్లో ఆంధ్రోళ్ళు వెళ్ళిపోవాలన్నవీ కొన్ని ఉండేవి. వాటి మాట ఆయనా ఎత్తలేదు, ఈయనా ఎత్తలేదు. మాట్లాడుకోవడానికి చైనా ఒకటి ఉండడం ఇద్దరికీ మంచిదైంది.

ఒక సాయంత్రం మళ్ళీ ఆ మాట దగ్గరే ఇద్దరూ తలలు పట్టుకుని కూర్చున్నారు. ఎల్లమ్మ బీరకాయ చెక్కు తీయడం ఆపింది.

"తొవ్వ మీద పుస్తకం రాసుకుంట, తొవ్వకు మాట దొర్కుతలేదంటరేంది?" అంది.

ఇద్దరికీ అర్థం కాలేదు. గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. వీళ్ళు తావో అన్నప్పుడల్లా, చదువుకున్నవాళ్ళు తొవ్వను, అంటే నడిచే దారిని, అట్లా పలుకుతారేమో అనుకుందట ఇన్నాళ్ళూ. మా ఆయన తొవ్వ పుస్తకం రాస్తున్నాడని చర్చిలో ఆడవాళ్ళకు గొప్పగా చెప్పుకుంది కూడా. వాళ్ళు రోడ్డు వెడల్పు చేసే వ్యవహారమనుకుని, మన గల్లీ కూడా పోతుందా అని కంగారుపడ్డారట.

నవ్వీ నవ్వీ అంతయ్యకు పొలమారింది. ఆ నవ్వు ఆగాక మాట మాత్రం మిగిలింది. తావో, తొవ్వ. అది చర్చిదీ కాదు, గుడిదీ కాదు, నడిచేవాళ్ళది. చిన్నప్పుడు అబ్దుల్లాపూర్‌మెట్ అవతల చేల మధ్య అమ్మ ముందు నడుస్తూ, తొవ్వ చూసుకుంట రా బిడ్డా అనేది. ఇంట్లో అంతకాలం పలికిన మాట పుస్తకంలోకి పనికొస్తుందని ఆయనకు ఏనాడూ తోచలేదు. సంతోషంగా కలం అందుకున్నాడు.

అప్పుడు విశ్వేశ్వరరావు వంక చూశాడు. ఆయన నవ్వు మానేసి చాయ్ గ్లాసులోకి చూస్తున్నాడు. ఈ రోజుల్లో అట్ట మీద తొవ్వ అని అచ్చయితే, నీదొక భాష నాదొక భాష అని ఆయన ముఖం మీద చెప్పినట్టే కదా అనిపించింది అంతయ్యకు. అక్షరం అక్షరం విని దిద్దిన మనిషిని నొప్పించి వేసే పుస్తకం ఎందుకు? మార్గమే ఉంచుదాం సార్, అందరికీ అలవాటైన మాట అన్నాడు. విశ్వేశ్వరరావు ఒకసారి మొత్తం చూసి పెడతానని కాగితాల కట్ట తీసుకుని కిందికి దిగిపోయాడు. చాయ్ సగం మిగిలిపోయింది.

మర్నాడు బంద్. పాలప్యాకెట్లు కూడా రాలేదు. అంతయ్య చౌరస్తాకు బయల్దేరి చెప్పులు వేసుకుంటుంటే విశ్వేశ్వరరావు కట్టతో పైకొచ్చాడు. తీసి చూస్తే, మార్గం అన్న చోటల్లా కొట్టేసి పైన ఎర్ర సిరాతో గుండ్రంగా తొవ్వ అని రాసి ఉంది. మొదట్లో చేతి అలవాటు కొద్దీ త్రోవ అని రాసి, మళ్ళీ దాన్నీ కొట్టేసి తొవ్వ చేశాడు.

"సార్, మీకు బాధైతదని..." అన్నాడు అంతయ్య.

"బాధ ఇది చూసి కాదండీ. నిన్న మీరు మార్గమే ఉంచుదామన్నారే, అప్పుడు బాధేసింది," అన్నాడు విశ్వేశ్వరరావు. "ముప్పై ఏళ్ళుగా నేను నడుస్తున్నదీ ఈ తొవ్వే కదా. పరాయివాడి దగ్గర దాచినట్టు నా దగ్గర మీ మాట దాచుకుంటారా?"

అంతయ్య చెప్పులు విడిచి ఆయనకు కుర్చీ జరిపాడు. ఎల్లమ్మ పాలు లేని చాయ్ తెచ్చిచ్చింది. విశ్వేశ్వరరావు ఈసారి చివరి చుక్క దాకా తాగాడు.

చౌరస్తా దాకా నేనూ తోడొస్తాను పదండి అన్నాడు. సమ్మె మొదలయ్యాక ఆయన వీధి మలుపు దాటింది లేదు. ఎప్పుడూ బస్సులూ షేర్ ఆటోలూ కిక్కిరిసి ఉండే రోడ్డు, ఆ పొద్దు ఇద్దరి కోసమే పరిచినట్టు ఖాళీగా ఉంది. గుంతపడి కంకర తేలిన చోట ముందు నడుస్తున్న అంతయ్య వెనక్కి తిరిగాడు.

"తొవ్వ చూసుకుంట రాండ్రి సార్," అన్నాడు.

"చూస్తున్నా లెండి, మీరు నడవండి," అన్నాడు విశ్వేశ్వరరావు.