జీడి పడిందని చెప్పేవాళ్లం

పోయిన వారం కాశీబుగ్గలో మందుల షాపు దగ్గర బీపీ మాత్రల కోసం నిలబడి ఉన్నాను. నా ముందు ఒకావిడ, ఆవిడ పక్కన పదహారు పదిహేడేళ్ల కూతురు ఉన్నారు. ఏప్రిల్ ఎండకి రేకుల నీడలో నిలబడినా తల మాడిపోతోంది, ఆ పిల్ల మాత్రం మణికట్టు దాకా చేతులున్న చుడీదారు వేసుకుని, ఆ అంచుల్ని కూడా గుప్పిట్లోకి లాక్కుని నిలబడింది. తల్లి మచ్చలు పోయే క్రీము అడిగింది, బేగి పోయేది కావాలంది. కాలిందా అని షాపతను మాటవరసకి అడిగాడు. "జీడి పడింది బాబూ" అని ఆవిడ గబగబా చెప్పి, అతను అడగని వాటికి కూడా జవాబులు చెప్పుకుంటూ పోయింది. నా మాత్రలు తీసుకుని నేను వెనక్కి తిరిగేసరికి వాళ్లెక్కిన ఆటో సోంపేట రోడ్డెక్కేసింది. పిలుద్దామని నోరు తెరిచాను, ఏమని పిలవాలో తెలియక మళ్లీ మూసుకున్నాను.

జీడి పడింది అన్న ఆ రెండు మాటలూ విని పాతికేళ్లు దాటింది, అయినా నా చెవిలో అవి మా అమ్మ గొంతుతోనే ఉన్నాయి.

నా ఈడు వాళ్లకి, అందులోనూ పలాస చుట్టుపక్కల పుట్టిపెరిగిన ఆడవాళ్లకి, జీడి సంగతి నేను చెప్పనక్కర్లేదు. తెలియని వాళ్ల కోసం ఒక్క ముక్క చెబుతాను. జీడిపిక్క కొట్టేటప్పుడు తొక్కలోంచి ఒక నల్లటి రసం చిమ్ముతుంది. ఒంటిమీద ఎక్కడ పడితే అక్కడ బొబ్బలెక్కి, తోలు ఊడి, మచ్చ మిగిలిపోతుంది. చేతులకి బూడిదో ఆముదమో పూసుకుని కూర్చున్నా అది తన దారి తను వెతుక్కుంటుంది. ఆ రోజుల్లో మా వీధిలో మచ్చలేని చెయ్యి ఉన్న ఆడమనిషిని చూస్తే, ఈవిడెవరో ఉద్యోగస్తుల ఇంటావిడ అనుకునేవాళ్లం. కాబట్టి పలాసలో ఒక చేతిమీద మచ్చలుంటే ఇవేటని అడిగేవాళ్లు ఉండరు. మా అమ్మ నన్ను దాచింది సరిగ్గా అక్కడే.

మాది సోంపేట దాటాక సముద్రం వైపు కొబ్బరితోటల్లో ఒక ఊరు. ఆ వైపంతా ఉద్దానం. ఉద్దానం అంటే పచ్చగా చల్లగా ఉంటుందని బయటివాళ్లంటారు, నిజమే, చల్లగానే ఉంటుంది, ఆ నీడలోనే మగవాళ్లు నలభై దాటగానే కిడ్నీలు చెడి, కాళ్లు వాచి, ముఖాలు ఉబ్బి, ఒక్కొక్కరే మంచమెక్కేవారు. ఊళ్లో ఎవరైనా అన్నం సయించడం లేదంటే చాలు, మిగతావాళ్లు ముఖముఖాలు చూసుకునేవారు. మా నాన్నకి సయించకపోవడం నేను ఇంటర్‌లో ఉండగా మొదలైంది. ఏడాదిన్నర తర్వాత ఆయన పోయాడు, ఆ ఏడాదిన్నరా ఆయన పక్కన ఉన్నది నేనే. అమ్మ నన్ను తీసుకుని పలాస వచ్చేసి జీడి ఫ్యాక్టరీలో పనికి కుదిరింది, నేను ఇంట్లో ఒక్కదాన్నీ మిగిలాను. ఆ తర్వాతి కాలంలో నా చేతిని నేనే గాయపరచుకునేదాన్ని. ఎలా, దేనితో అన్నది రాయను, అది తెలిసి ఎవరికీ ఒరిగేదేమీ లేదు. చావాలని మాత్రం కాదు. లోపల ఉన్నది ఏమిటో చెప్పడానికి నా దగ్గర మాట లేకపోయింది, అంతే.

అమ్మకి తెలిసింది. ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు గానీ, ఒకరోజు చూస్తే ఇంట్లో కత్తిపీట లేదు. కూరగాయలు పట్టుకుని పక్కింటికి వెళ్లి తరుక్కుని వచ్చేది, మాది పీట విరిగిపోయిందని వాళ్లతో చెప్పేది. జీడిపప్పు పొట్టు తీసే పని ఇంటికి తెచ్చుకోవడం మానేసింది, ఎందుకంటే దానికి చిన్న కత్తి కావాలి. నేను స్నానానికి వెళ్తే తలుపు బయటే గిన్నెలు తోముతూ కూర్చునేది, తోమిన గిన్నెనే మళ్లీ తోమేది. లోపల నీళ్ల చప్పుడు ఒక్క నిమిషం ఆగితే బయట గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయేది. ఇంత చేసి కూడా ఆ మాట ఒక్కసారి ఎత్తలేదు. మా ఇంట్లో రెండు గదులే, ఆ రెండింటి నిండా చెప్పని మాటే ఉండేది, దాన్ని తప్పించుకుంటూ ఇద్దరం తిరిగేవాళ్లం.

వీధిలో వాళ్లకి జీడి పడిందని చెప్పేసింది. ఆ అబద్ధం నిలబడాలంటే నేను జీడి పనిలో ఉండాలి కదా, అందుకని నన్ను కూడా ఫ్యాక్టరీకి తీసుకెళ్లి పిక్కలు కొట్టేవాళ్ల వరసలో కూర్చోబెట్టింది. ఒక అబద్ధాన్ని నిజం చేయడానికి కూతురి చేతులు కాల్పించిన తల్లి అని మీరు అనుకోవచ్చు. నాకూ కొన్నాళ్లు కోపంగానే ఉండేది. కానీ నిజం చెప్పాలంటే ఆ పొగలో, ఆ గోలలో, పాతికమంది ఆడవాళ్ల మధ్య కూర్చున్న రోజుల్లోనే నా పాత పని మెల్లగా తగ్గి, ఆగిపోయింది. అందులో నా గొప్పతనమేమీ లేదు. నా పక్కన కూర్చున్నది మా పిన్ని, అంటే అమ్మకి చిన్నాన్న కూతురు, ముప్పై ఏళ్లు పిక్కలు కొట్టిన మనిషి. మొదటి వారంలోనే నా చెయ్యి చూసింది. మధ్యాహ్నం అన్నాలప్పుడు తన డబ్బాలోని ఎండుచేప ముక్క నా అన్నంలో వేస్తూ, చేప ముళ్ల గురించి చెబుతున్నట్టు మామూలుగా అంది. "జీడి ఇలగ గీతలు గీసినట్టు పడదమ్మీ. నానెవులికీ సెప్పను. నీకు సెప్పాలనిపించినప్పుడు నాకు సెప్పు, సాలు."

నెల తర్వాత చెప్పాను. ఏడుస్తూ కూడా కాదు, పిక్కలు కొడుతూనే చెప్పాను. ఆవిడ ఊకొడుతూ వింది. తర్వాత నాకు ఆ తలపు వచ్చిన రోజున ఆవిడ పక్కకి జరిగి కూర్చునేదాన్ని, ఆవిడ ఏమీ అడగకుండా ఆ పూటంతా ఏదో ఒకటి వాగుతూనే ఉండేది. ఆవిడ మొగుణ్ణి, అత్తగారినీ తిట్టిన తిట్లన్నీ నాకు ఈ రోజుకీ కంఠతా వచ్చు.

అలా ఎనిమిది నెలలు గడిచాక ఏఎన్ఎం ట్రైనింగులో సీటు వచ్చింది, టెక్కలిలో. ఇద్దరం సంతోషించాల్సిన రోజది. కానీ అమ్మ కాగితంలో ఉన్న సంగతులన్నీ నా చేత చదివించుకుని, యూనిఫారం దగ్గర ఆగిపోయింది. తెల్ల చీర, మోచేతి పైకి ఉండే తెల్ల జాకెట్టు. చేరడానికి ఇంకా నాలుగు నెలలుంది. అక్కడున్నది డాక్టర్లు, నర్సులు, వాళ్ల దగ్గర జీడి కథ చెల్లదని అమ్మకి భయం. చూస్తే పంపేస్తారని, పంపేస్తే ఆ అవమానానికి నేను మళ్లీ మొదటికొస్తానని భయం. మచ్చ పోతే ఆ జబ్బు కూడా వేళ్లతో సహా పోతుందని ఆమె నమ్మకం.

ఆ నాలుగు నెలల్లో నా చేతికి జరిగిన సేవ చెప్పుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పసుపు, వేపాకు, కలబంద గుజ్జు, బంగాళాదుంప రసం, తేనె, మందస నుంచి ఎవరో తెచ్చిన ఏదో వేరు, అన్నీ అయ్యాయి. మా వీధి ఆరెంపీ డాక్టరు ఒక ట్యూబు ఇచ్చాడు, రాసిన వారానికే చెయ్యి తెల్లబడింది. అమ్మ పొంగిపోయి అందరు దేవుళ్లకీ దండం పెట్టింది. ఇంకో రెండు వారాలకి తోలు ఉల్లిపొరలా పలచబడి, ఎర్రగా మండుతూ, పాత గీతలు అంతకు ముందుకంటే కొట్టొచ్చినట్టు కనబడ్డాయి. రోగానికన్నా మందు ముదిరిందన్నమాట.

అప్పుడు ఫ్యాక్టరీలో ఒకావిడ మాట అమ్మ చెవిన పడింది. ఆవిడ చేతిమీద విడిచిపెట్టేసిన మొగుడి పేరు పచ్చబొట్టు ఉండేదట, జీడి రసంతో కాల్చేసుకుందట. ఇప్పుడక్కడ పేరు లేదు, అరచేతి వెడల్పున నల్లటి కమురు మచ్చ మాత్రం ఉంది. అది జీడి మచ్చే కాబట్టి ఎవరూ అడగరు. అమ్మకి దారి దొరికింది. ఒక ఆదివారం మధ్యాహ్నం కొబ్బరిచిప్పలో ఆ నల్లటి రసం పట్టుకుని నా ముందు కూర్చుంది. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. బయట ఎవరో రేడియో పెట్టారు.

"కొంచెం మండుద్ది, ఓర్సుకో. పచ్చబొట్టే పోయింది, ఇవేపాటి" అంది.

నేను చెయ్యి చాపాను. ఇక్కడే నేను మీతో దాపరికం లేకుండా చెప్పాలి. నాకు భయం వేయలేదు. చాపిన చేతిలో, గుండెలో ఒక తొందర లేచింది, త్వరగా కానీ, త్వరగా కానీ అని. ఆ తొందర నాకు బాగా తెలుసు. ఎప్పుడో వెళ్లిపోయిందనుకున్నది మా అమ్మ చేతిలో చిప్ప రూపంలో ఇంట్లోకి తిరిగొచ్చి కూర్చుంది, పైగా ఈసారి వైద్యం అన్న పేరు పెట్టుకుని, అమ్మ అనుమతితో వచ్చింది. నా జీవితంలో నేను అంతగా భయపడింది ఆ తర్వాతి క్షణంలోనే, అమ్మ వేలు చిప్పలో ముంచబోయినప్పుడు.

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "వొద్దమ్మా. ఇది మళ్లీ అదే" అన్నాను.

"ఏటదే?" అంది అమ్మ, నా ముఖం చూడకుండా.

"నాకు నానే సేసుకున్నాను గదా, అదే."

మా ఇంట్లో ఆ మాట పైకి వినబడడం అదే మొదలు. అమ్మ లేచి పెరట్లోకి వెళ్లి, గొయ్యి తీసి, చిప్పతో సహా పాతిపెట్టి, చేతులు బూడిదతో కడుక్కుని వచ్చి అన్నం పెట్టింది. మర్నాడు పనికి నాగా పెట్టి, మొదటి బస్సుకే నన్ను టెక్కలి తీసుకెళ్లింది. అక్కడ వారానికో రోజు వచ్చే చర్మం డాక్టరమ్మ ఒకావిడ ఉండేది.

ఆవిడ నా చెయ్యి కిటికీ వెలుతురులోకి తిప్పి చూసింది, ఛీ అనలేదు, అయ్యో అనలేదు. ఆరెంపీ ట్యూబు ఆ రోజే మానేయమంది. ఈ మచ్చలు పూర్తిగా పోవు, పలచబడతాయి, ఏడాది పడుతుంది, ఎండ తగలనివ్వకు, సిలికాన్ జెల్ అని ఒకటుంది, పొద్దుట అది రాయి, సాయంత్రం పది నిమిషాలు నూనెతో మెల్లగా మర్దనా చెయ్యమని చెప్పింది. ట్రైనింగులో చేరేలోగా పోవా అని అమ్మ అడిగితే, అంత తొందరగా పోగొడతానన్నవాళ్ల దగ్గరికి వెళ్లొద్దని చెప్పింది. మచ్చలున్నాయని ట్రైనింగులోంచి ఎవరూ పంపరని కూడా చెప్పింది. చివరికి నా వైపు తిరిగి, మళ్లీ అలాంటి ఆలోచన వస్తే ఎవరికి చెబుతావు అని అడిగింది.

పిన్నికి అన్నాను.

పక్కనే కూర్చున్న అమ్మ ముఖం నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపే తిరిగి కూర్చుంది, పలాస వచ్చేదాకా.

ఆ సాయంత్రం నుంచి నూనె రాసే పని అమ్మే తీసుకుంది. జీడి పనితో బండబారిన వేళ్లు ఆమెవి, అయినా దూది అద్దినట్టు రాసేది. మణికట్టు దగ్గర మొదలుపెట్టి మోచేతి దాకా, ఒక్కో గీతా మీదుగా, వెలుతురు చాలకపోతే గుమ్మంలోకి జరిగి మరీ రాసేది. నేను టెక్కలి హాస్టల్లో ఉన్నప్పుడు ప్రతి ఆదివారం వచ్చేది. సగం చేతుల జాకెట్టు వేసుకున్నాను, ఎవరూ ఏమీ అనలేదు. సూది పట్టుకున్న నర్సు దగ్గర జనం చూసేది సూదినే, చేతిని కాదు. ఏడాది తిరిగేసరికి గీతలు తెల్లబడి ఒంటిరంగులో కలిసిపోయాయి. ఇంక చాలమ్మా అన్నాను. ఊరుకోలేదు. నా పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక కూడా, పుట్టింటికి వెళ్తే సంచి కింద పెట్టకముందే చెయ్యి ఇలా ఇయ్యి అనేది. ఇదేం చాదస్తమని విసుక్కునేదాన్ని. అన్నేళ్లు రాసింది గానీ ఎందుకలా చేశావని ఒక్కసారి అడగలేదు కదా అని లోపల ఒక ముల్లు ఉండేది నాకు. అడిగే ధైర్యం లేని మనిషి అనుకున్నాను.

అమ్మ పోయిన పన్నెండోరోజు పిన్ని దగ్గర ఆ ముల్లు బయటపెట్టాను. ఆవిడ నన్ను వింతగా చూసింది.

"నూనె రాత్తందనుకున్నావేటే పిచ్చిదానా? కొత్త గీత పడిందేమోనని ఎతుక్కునీది. కొత్తది నేదని సూసుకున్నాక ఆ పూట నాకొచ్చి సెప్పీది, నేదు అని. ఆ ఒక్క ముక్కే."

ఇరవై ఏళ్లు మా అమ్మ నన్ను అడుగుతూనే ఉంది. ఆ ప్రశ్న నాకు వినబడలేదు, అంతే.

ఇప్పుడు పలాసలో మిషన్లు వచ్చాయి, ఆడపిల్లలు చేతులకి తొడుగులు వేసుకుంటున్నారు, నల్లబడ్డ వేళ్లు అరుదుగా కనిపిస్తున్నాయి. జీడి పడిందంటే నమ్మే రోజులు పోతున్నాయి, పోవడమే మంచిది. మా ఆస్పత్రి గోడమీద ఫోను నంబరు రాసిన కాగితం ఉంది, మనసు బాగోకపోతే మాట్లాడమని. నేనే అంటించాను. మాకు అప్పట్లో లేని మాటలన్నీ ఈ పిల్లలకి ఉన్నాయి. నా చేతిమీది మచ్చలు ఇప్పుడు వెలుతురులో పెట్టి వెతికితేగాని కనబడవు. వెతికే మనిషి లేదు.