చెప్పేవాడూ రాసేవాడూ

తొమ్మిది వసంతాల్లో మా బాటలో పోయినవి ఇవి. గడ్డిలో జిట్ జిట్‌మనే బుల్లి పిట్టలు మొదటి ఏడు ఇరవై రెండు, తొమ్మిదో ఏడు సున్నా. బదనిక పండ్లు తినే చిన్న పిట్టలు పద్నాలుగు ఉండేవి, ఒకటి మిగిలింది. కంటి చుట్టూ తెల్లని ఉంగరం ఉన్నవి ముప్పై ఒకటి నుంచి నాలుగుకు వచ్చాయి. నారింజ రంగు రొమ్ముతో చెట్ల కొనల్లో తిరిగేవి తొమ్మిది ఉండేవి, ఒక్కటీ లేదు. తేనెపిట్టలు ఇరవై ఆరు నుంచి పదిహేనుకు దిగాయి. నూట రెండు ఉండాల్సిన చోట ఇరవై ఉన్నాయి. పోయినవి ఎనభై రెండు.

ఈ కూడిక నేను మూడుసార్లు చేశాను. కూడికలో తప్పు లేదు.

ఏటా హోలీకీ ఉగాదికీ మధ్య ఒక ఆదివారం తెల్లవారగానే, రాష్ట్రమంతటా మాలాంటి వాళ్ళు కొందరు పిట్టలను లెక్కపెడతారు. జీతం లేని పని. ఎవరి బాట వాళ్ళది. మాది మడికొండ బయట రెండు కిలోమీటర్లు: ఒక బండరాళ్ళ వాలు, మోదుగ చెట్లు, కొంత గడ్డి బీడు, చివర చిన్న కుంట. రెండు వందల మీటర్లకు ఒకసారి ఆగి, ఐదు నిమిషాలు నిలబడి, కనబడినవీ వినబడినవీ రాసుకోవాలి. మొత్తం పది చోట్లు. ప్రతి ఏడూ అదే బాట, అదే వేళ, అదే పద్ధతి. ఏ ఒక్కటి మారినా, నిరుటి అంకె పక్కన ఈ ఏటి అంకె పెట్టి చూడటానికి వీలుండదు.

నాది వరంగల్‌లో ఇనుప సామాన్ల దుకాణం. చదువు పదో తరగతిలో ఆగింది. లెక్కలు మాత్రం మానలేదు. పాత పుస్తకాల కుప్పలో దొరికిన, అట్ట లేని గణితం పుస్తకం పెట్టుకుని సగటు తీయడం, గీతలు గీసి పోల్చడం నాకు నేనే నేర్చుకున్నాను. గుప్పెడు బోల్టులు తీస్తే ఎన్నో చెప్పగలను, ఒకటి రెండు అటూ ఇటూ. సుత్తి పిడి కొనడానికి వచ్చిన ఒకాయన అది చూసి, కొనడం మరిచిపోయి నిలబడ్డాడు.

"సేటూ, గవి కదలయి కాబట్టి లెక్కవెడ్తానవ్. ఎగిరేటియి లెక్కవెడ్తవా?" అన్నాడు.

అలా మొదలైంది. ఆయన నాకన్నా పద్నాలుగేళ్ళు పెద్ద. నేను అన్నా అంటాను. ఆయన మంచి మాట మీద ఉంటే తమ్మీ అంటాడు, ఎకసక్కెం చేయాలనుకుంటే సేటూ అంటాడు. డోర్నకల్ సెక్షన్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు కీమ్యాన్‌గా పనిచేశాడు. కీమ్యాన్ అంటే సుత్తి భుజాన వేసుకుని రోజూ పట్టాల వెంట నడిచి, పట్టాను పట్టి ఉంచే కీలు వదులైతే మళ్ళీ కొట్టి బిగించేవాడు. వదులైన కీ మీద సుత్తి పడితే చప్పుడు తేడాగా ఉంటుందట. చూడకుండానే తెలిసేదట. ఆ నడకలోనే పట్టాల పక్క తుప్పల్లో పిట్టలు ఆయనకు గొంతులతో పరిచయమయ్యాయి. రిటైరయ్యాక మడికొండలో ఇల్లు కట్టుకున్నాడు. భార్య పోయింది. పొద్దున లేచి ఆ బాట మీద ఒక చుట్టు తిరగడమే పనిగా పెట్టుకున్నాడు.

మా పద్ధతి కూడా ఆయన పెట్టిందే. ఒకడు చెప్పాలి, ఒకడు రాయాలి. ఆయన చెప్పేవాడు, నేను రాసేవాడిని. రాసేవాడు తల ఎత్తకూడదు.

"నువ్వు గూడ చూసుడు షురూ జేస్తే ఒక్క పిట్టను ఇద్దరం రాస్తం. నీకు కాయితం తప్ప ఏం కనవడొద్దు," అన్నాడు మొదటి ఏడే.

రెండో ఏడు హైదరాబాద్ నుంచి ఒక మేడమ్ వచ్చి మాతో నడిచింది. రాష్ట్రం లెక్కంతా ఒకచోట చేర్చేది ఆమే. ఆయన చెప్పిన ప్రతి పిట్టా తనకూ వినబడిందనీ, రెండు తను వినకముందే ఆయన చెప్పాడనీ అంది. తిరిగి వచ్చేటప్పుడు చాయ్ ఆయనే తాగించాడు. అది చాలా అరుదు.

తొమ్మిదో వసంతం తర్వాత నేను అన్ని ఏళ్ళ అంకెలూ ఒక పట్టికగా వేసి మేడమ్‌కు పంపాను. ఆమె వెంటనే ఫోన్ చేసింది. రాష్ట్రంలో మరే బాటలోనూ చిన్న పిట్టలు ఇంతగా తగ్గలేదట. మా బీడులో నాలుగో ఏటి నుంచి ప్లాట్లు పడుతున్నాయి, గడ్డి తగలబెట్టి హద్దురాళ్ళు పాతారు. అందుకే అయి ఉంటుందని నేను రాశాను. ఆమె కూడా అదే అంది. ఆ ఏటి నివేదికలో మా బాటను మొదట పెడతానంది. నాకు గర్వంగానే అనిపించింది, దాచడం ఎందుకు. ఆయన మాత్రం ఆ ఎనభై రెండు విన్నాక, ఆ ఎండాకాలమంతా బాట పొడుగునా మట్టి మూకుళ్ళు పెట్టి, సైకిల్ మీద రెండు క్యాన్లతో నీళ్ళు మోసుకెళ్ళి పోశాడు.

పదో వసంతం. నాలుగో చోట, గడ్డి బీడులో మిగిలిన ముక్క దగ్గర, నా పెన్సిల్ మొన విరిగింది. బ్లేడుతో చెక్కుకుంటూ నిలబడ్డాను. అప్పుడు గడ్డిలోంచి వినబడింది. జిట్, జిట్, జిట్. పైకి ఎగురుతూ, మళ్ళీ కిందికి దిగుతూ.

ఆ గొంతు నాకు ఆయన ద్వారానే తెలుసు. మొదటి ఏళ్ళలో ముందు చప్పుడు, ఆ వెంటనే ఆయన నోట పేరు. అలా నేర్చుకున్నాను. కానీ రాస్తున్నంతసేపూ నేను ఎదురుచూసింది ఆయన మాట కోసం, పిట్ట కోసం కాదు. ఆయన చెప్పని చప్పుడు నా లెక్కలో గాలి లాంటిదే.

మొన చెక్కుకుని, ఆయన చెప్తాడని కాయితం మీద పెన్సిల్ ఆనించి ఉంచాను. ఆయన చెప్పలేదు. చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని, కళ్ళు చిట్లించి అటే చూస్తున్నాడు.

"కోకిల, ఒకటి. కుంట దిక్కు," అన్నాడు.

కుంట అక్కడికి కిలోమీటరుకు పైనే.

నేను కోకిల రాశాను. తర్వాత, ఆ పనిలో చేరాక మొదటిసారి, ఆయన చెప్పనిది ఒకటి రాశాను. ఐదో చోట తెల్ల ఉంగరం పిట్టలు మాట్లాడుకుంటూ మా నెత్తి మీదుగానే పోయాయి. ఆయన జెముడుకాకి చెప్పాడు. నేను రెండూ రాశాను. పదో చోటు వచ్చేసరికి నా సొంత గీతలు ఇరవై మూడయ్యాయి.

నడుస్తూనే మనసులో పట్టిక తిప్పి చూసుకున్నాను. కాకి, గోరింక, కోకిల, నెమలి, తీతువు, జెముడుకాకి: తొమ్మిదేళ్ళలో వీటిలో ఏదీ తగ్గలేదు. ప్లాట్లలో గడ్డి పోతే తీతువు కూడా తగ్గాలి కదా, అది నేలమీదే గుడ్లు పెడుతుంది. తగ్గినవన్నీ సన్నని గొంతువి. తేనెపిట్ట సగం కూడా తగ్గలేదు, ఎందుకంటే అది కంటికి కూడా కనబడుతుంది. ఇంత తేలికైన సంగతి, పిట్టలను జాతుల వారీగా కాక గొంతుల వారీగా పేర్చి ఉంటే మొదటి రోజే తెలిసేది.

బాట చివర చాయ్ డబ్బా దగ్గర కూర్చున్నాం.

"చదువు. ఎన్నొచ్చినయ్?" అన్నాడు ఆయన.

చదవడం మొదలుపెట్టాను. కాకులు, గోరింకలు అయ్యాయి. గడ్డిపిట్ట దగ్గర ఒక్క క్షణం ఆగి, "ఆరు," అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఏంది?"

"గడ్డిపిట్టలు ఆరన్నా."

"నేను ఒక్కటి గూడ చెప్పలె గదా."

నేను కాయితం వైపు చూశాను.

"సేటూ, నిన్నే. నేను చెప్పంది నువ్వెట్ల రాసినవ్?"

"ఇనవడ్డయ్ అన్నా."

"ఎవరికి?"

చాయ్ పోసే ఆమె మమ్మల్ని చూసి, "గిదేందే, పిట్టల కోసం కొట్లాడుకుంటాన్రా పెద్దమనుషులు?" అని నవ్వింది. ఆయన నవ్వలేదు.

"లే. పోదాం పా," అన్నాడు.

వెనక్కి నాలుగో చోటికి నడిచాం. ఎండ ఎక్కింది, అయినా పిట్టలు ఇంకా కూస్తున్నాయి. ఆయన నా ఎదురుగా నిలబడ్డాడు, ముఖం నా వైపు.

"నీకు ఇనవడ్డప్పుడల్లా ఏలు లేపు. జూటా చెయ్యకు. నాకు తెలుస్తది."

గడియారం చూసి ఐదు నిమిషాలు నిలబడ్డాం. నా వేలు పదకొండుసార్లు లేచింది. ప్రతిసారీ ఆయన నా వేలు వైపు చూసి, తల కొంచెం తిప్పి, గడ్డి వైపు చెవి పెట్టాడు. రెండుసార్లు తల ఊపాడు. మిగతా తొమ్మిదిసార్లూ నా వేలునే చూస్తూ ఉన్నాడు. నా బతుకులో అంత బరువుగా వేలు ఎప్పుడూ లేపలేదు.

అయిపోయాక బండరాయి మీద కూర్చున్నాడు.

"రైలు అంత దూరం ఉండంగనే పట్టాల ఇనవడేది నాకు," అన్నాడు. "గిది గడ్డిల కూర్చున్న పిట్ట."

"వయసన్నా. సన్నటి చప్పుళ్ళే ముందు పోతయట. మాటలు మంచిగనే ఇనవడ్తానయ్ గదా."

"నువ్వు డాక్టర్‌వా? దవాఖానకు నేను పోత తీ. ముందుగాల గా కాయితం ఇయ్యి."

తీసుకుని, ఆ ఏటి పేజీకి అడ్డంగా ఒక గీత గీశాడు. "రాసేటోడు తన సొంతం రాసిండు. ఇది లెక్క గాదు. మేడమ్‌కు ఈ ఏడు మా బాట లేదని చెప్పు."

"అంతా చెప్పన్నా? చెవుల సంగతి గూడ?"

"మరి? నా చెవులు పోతే పిట్టలు పోయినయని రాష్ట్రమంత చెప్పుకుంటాన్రు. ఆ ఇండ్లు కట్టెటోళ్ళ మీద నింద వడ్డది. వాళ్ళు చేసింది ఎంతో అంతే వాళ్ళ మీద పడాలె."

మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాను. నిరుటి నివేదికకు సవరణ పెట్టి, అందులో మొదట ఉన్న మా బాటను తీసేస్తాననీ, ఇలా ముందే చెప్పినవాళ్ళు తక్కువనీ అంది. నేను ఆయన పక్కనే ఉన్నాను కాబట్టి ఆ మాట ఆయనకు గట్టిగా మళ్ళీ చెప్పాను.

"గట్టిగ చెప్పకు. చెవిటోణ్ణి గాదు," అన్నాడు.

మరుసటి వసంతం మేం తావులు మార్చుకున్నాం. నేను చెప్పాను, ఆయన రాశాడు. అలవాటు లేక నేను రెండుసార్లు ఆయన రాస్తున్నాడో లేదో వంగి చూశాను. "పిట్టలను చూడు, నన్ను కాదు," అన్నాడు. ఆయన మాత్రం పది చోట్లలో ఒక్కసారీ తల ఎత్తలేదు. నాకన్నా నిక్కచ్చిగా రాస్తాడు, అంకెలు పెద్దవిగా, ఒకదాని కింద ఒకటి. గడ్డిపిట్టలు పదకొండు వచ్చాయి. తగ్గిన మాట నిజమే, సున్నా మాత్రం కాదు.

ఇక పాత ఏళ్ళ సంగతి. మేడమ్ అడిగింది ఒక్కటే. "ఏ సంవత్సరం నుంచి తేడా వచ్చిందో చెప్పండి సార్. దానికి ముందువి ఉంచుతాం, అక్కడి నుంచి తీసేస్తాం." రాష్ట్రం పట్టికలో మా బాట పక్కన అందుకోసం ఒక గడి పెట్టింది.

నేను కూర్చుని లెక్క వేశాను. రెండో ఏడు ఆమే సాక్షి, కాబట్టి అప్పటికి చెవులు బాగున్నాయి. తొమ్మిదో ఏటికి పూర్తిగా పోయాయి. మధ్యలో అంకెలు ఏటా కొంచెం కొంచెంగా దిగాయి, కానీ నాలుగో ఏటి నుంచి ప్లాట్లు కూడా పడ్డాయి. ఏ ఏడు ఎన్ని పిట్టలు గడ్డితో పోయాయో, ఎన్ని చెవితో పోయాయో విడదీయడానికి నా దగ్గర లెక్క లేదు. మధ్యేమార్గంగా ఆరో ఏడు అని పంపుదామన్నాను.

"బోల్టులు గట్ల అమ్ముతవేమో నువ్వు, గుప్పెట్ల పట్టి," అన్నాడు ఆయన. "ఆరు అంటే నేను ఇన్న మూడేండ్లు పోవచ్చు. లేకపోతే ఇననియి మూడేండ్లు ఉండిపోవచ్చు. అందాజుకు చెప్పకు."

ఆయనే ఒక దారి తీశాడు. ఆయన చేతి గడియారానికి సన్నటి అలారం ఉంది. ఒక ఏడు అది మోగడం లేదని హన్మకొండలో గడియారాలు బాగుచేసే అతని దగ్గరకు తీసుకెళ్ళాడట. అతను సెల్ మార్చి, చెవి దగ్గర పెట్టి, "మోగుతాంది గదా కాకా," అన్నాడట. ఈయన మోగడం లేదని కొట్లాడి, గడియారం లాక్కుని వచ్చేశాడట. ఏ ఏడన్నది గుర్తులేదు. ఇద్దరం వెళ్ళాం. ఆ చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పాత అతను ఎక్కడికి పోయాడో అక్కడెవరికీ తెలియదు. పక్క దుకాణాల్లో అడిగాం. నాలుగో దుకాణం దగ్గర ఆయన నా చెయ్యి పట్టుకుని, "చాలు తమ్మీ," అన్నాడు.

మేడమ్ ఏటా వసంతానికి ముందు ఒకసారి గుర్తు చేస్తుంది. నేను ఆయనను అడుగుతాను. ఆయన ఆలోచిస్తాడు, నిజంగానే ఆలోచిస్తాడు, తల అడ్డంగా ఊపుతాడు. మా బాట పక్కన ఆ గడి ఖాళీగానే ఉంది. మేం ఇవ్వాల్సింది ఒకే ఒక్క అంకె. అది మూడుకు తక్కువ కాదు, తొమ్మిదికి ఎక్కువ కాదు.