తువ్వాల కింద కొయ్యబొమ్మ

వంశీధర్‌రావు తువ్వాల లేకుండా బేరం చెయ్యడు. పత్తి బేరమైనా, ఎద్దు బేరమైనా, ఇంటర్నెట్లో వెబ్‌సైటు పేరు బేరమైనా ఒకటే పద్ధతి. ఎదుటి మనిషి వచ్చి కూర్చోవాలి, కుడిచెయ్యి చాపాలి, దాని మీద ఎర్ర అంచు తువ్వాల పడాలి. ఆ తర్వాత లోపల వేళ్లు మాట్లాడుకోవాలి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, అన్నీ కలిపి పట్టుకుంటే ఐదు. చుట్టూ నలుగురు నిలబడి చూసినా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. వెనుకటి పశువుల సంతల్లో బేరగాళ్లు ఇలాగే చేసేవాళ్లు. కాకపోతే అక్కడ ఎద్దు కళ్లముందు నిలబడి తోక ఊపేది. వంశీధర్‌రావు సరుక్కి తోక లేదు, కొమ్ముల్లేవు. ఉన్నదల్లా మధ్యలో ఒక చుక్క.

ఆదిలాబాద్ యార్డులో ముప్పై రెండేళ్లు పత్తి దలాలీ చేసి, మోకాళ్లు మొరాయించాక అతను ఈ పేర్ల వ్యాపారంలోకి దిగాడు. చిన్ననాటి స్నేహితుడు నిజాముద్దీన్ నడిపే నెట్ సెంటరులో మూల కుర్చీ అతని కొత్త యార్డు. నిజాముద్దీన్‌కు అతనంటే ప్రాణం, తువ్వాల అంటే ఒళ్లుమంట.

"రావు సాబ్, దునియా మొత్తం ఫోన్ల మీద బేరం చేస్తున్నది. పూనా నుంచి ఒకాయన పేరు కావాలని మెయిలు పంపితే, ఆదిలాబాద్ వచ్చి చెయ్యి పెట్టుమంటివి. ఎవడొస్తడు?"

"అవసరమున్నోడు వస్తడు."

"లేనోడు?"

"వానికి పేరెందుకు?"

మొదటి ఏడాది రావు ఊపు మీద అరవై పేర్లు కొన్నాడు. యార్డులో కనబడ్డ ప్రతి వ్యాపారానికీ ఒకటి. అందులో 'ఆదిలాబాద్ బెస్ట్ కాటన్ సీడ్ ఆయిల్ మిల్స్ ఆన్‌లైన్' అనేది ఎంత పొడుగంటే, దాన్ని టైపు చేసేలోగా నిజాముద్దీన్ దుకాణంలో కరెంటు పోయి మళ్లీ వచ్చింది. అరవైలో ఒక్కటీ అమ్ముడుపోలేదు, అన్నిటికీ కట్టిన ఏడాది గడువు తీరిపోయి చేజారాయి. మరొకడైతే తువ్వాల దులుపుకుని ఇంటికి పోయేవాడు. రావు మాత్రం కళ్లజోడు మార్పించుకుని వచ్చి, ఎక్కడ ఏ పేరు ఎంతకు పోయిందో రెండేళ్లు చదివాడు. చదివినదంతా పత్తి భాషలోకి మార్చుకున్నాడు.

"పత్తికి పింజ పొడుగుంటే ధర భాయ్, పేరుకు పొట్టిగుంటేనే ధర. ఇగ తేమ చూడాలె. గీ ఏడు అందరి నోట్ల ఆడే మాట మీద పేరు కొంటివా, వచ్చే ఏటికి ఎండి సగం తూగుతది. పాత సరుకైతే ఇంతకుముందు ఏ గోదాంల ఉన్నదో అరుసుకోవాలె. జూదం నడిచిన పేరు కడిగినా వాసన పోదు."

"ఇంకొకని కంపెనీ పేరు కొని వానికే అమ్మితే?"

"తప్పు. కోర్టుల పడ్తవ్. ఆడ నా తువ్వాల నడువది."

"మరి ధర కట్టుడెట్ల?"

"గా మాట మీద బతికేటోళ్లు దేశంల ఎంతమంది ఉన్నరు, వాళ్లల్ల కొనగలిగేటోళ్లు ఎంతమంది, గది చూడాలె. నీకు నచ్చిందా లేదా ఎవడడిగిండు?"

ఈ జబ్బు ముదిరి పెళ్లిపత్రికల దాకా పాకింది. వధూవరుల పేర్లు చదివి, "పిల్ల పేరుకు గిరాకి ఉన్నది, పిలగాని పేరు జర పొడుగైంది" అనేవాడు. బారసాలకు పిలవడం చుట్టాలే మానుకున్నారు.

పోయిన దీపావళికి నెల ముందు, గడువు దాటి బజారులో పడ్డ పేర్ల జాబితాలో 'కొయ్యబొమ్మ డాట్ ఇన్' కనిపించింది. రావు కొనేశాడు. వారం తిరక్కుండా రెండు ఫోన్లు. ఒకటి హైదరాబాద్ నుంచి, ఆన్‌లైన్‌లో ఆటబొమ్మలమ్మే పెద్ద కంపెనీ మేనేజరు రాకేశ్. ఆరు లక్షలన్నాడు. రెండోది నిర్మల్ నుంచి, మమతారాణి. పదకొండు కుటుంబాలతో పొణికి కర్ర బొమ్మలు చేయించి ఐదేళ్లుగా అదే పేరు మీద అమ్ముతున్న మనిషి. గడువు గుర్తుచేసే మెయిళ్లన్నీ సైటు కట్టిన కుర్రాడి చిరునామాకు పోయాయి. ఆ కుర్రాడు ఎప్పుడో వేరే కొలువుకు పోయాడు.

"మూడు వేల డబ్బాల మీద గా పేరే అచ్చేయించిన సార్. దీపావళి ఆర్డర్లన్నీ దాని మీదికే వస్తయి. పేరు కంపెనీకి పోతే నా గిరాకంతా వాళ్ల దుకాణంల దిగుతది," అంది ఆమె. ఫోను స్పీకరులో ఉంది, నిజాముద్దీన్ కూడా విన్నాడు.

"ఆదిలాబాద్ రావాలె బిడ్డా. తువ్వాల కింద చెయ్యి పెట్టాలె. గురువారం పదకొండింటికి," అన్నాడు రావు. రాకేశ్‌కూ అదే గురువారం, అదే పదకొండు చెప్పాడు.

నిజాముద్దీన్ మండిపోయాడు. "గరీబు ఆడపిల్లను, కంపెనీవోణ్ని ఒక్క బల్ల కాడ కూసోబెడ్తవా? నీకు లోపల గుండె ఉన్నదా, జిన్నింగు మిల్లు ఉన్నదా? ఆమె పేరు కంపెనీకి అమ్మితివో, గా మూల కుర్చీ నేను తీసేస్త."

రావు కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు. "తువ్వాల ఉతికియ్యాలె," అన్నాడు.

గురువారం మమతారాణి ముందే బస్సులో వచ్చి కూర్చుంది. రాకేశ్ కారులో వచ్చాడు. ముందు తువ్వాలను చూశాడు, తర్వాత రావును చూశాడు, జేబులోంచి శానిటైజర్ తీశాడు.

"అంకుల్, ఏడు లక్షలు. నోటితోనే చెప్తున్నా."

"నోటి మాట నాకు సరిగ వినపడది నాయనా. చెయ్యి ఇటియ్యి."

రాకేశ్ తువ్వాల కింద ఐదు వేళ్లు పట్టుకుని, మళ్లీ రెండు పట్టుకున్నాడు. చివరికి చెమట పట్టి ఇంకొకటి కలిపాడు. రావు మొహం తూకం రాయిలా ఉంది. "బయట కాదు, ఈడనే కూసో. అమ్మా, నువ్వు రా."

మమతారాణి తన డబ్బా ఒకటి బల్ల మీద పెట్టి, చెయ్యి చాచింది. తువ్వాల పడింది. కొంతసేపు గుడ్డ కదిలింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. ఏదో అనబోయి, ఉలిక్కిపడి ఆగిపోయింది.

"బేరం కుదిరింది. పేరు నిర్మల్‌కు పోయింది," అన్నాడు రావు.

"ఎంతకు?" అన్నాడు రాకేశ్.

"తువ్వాల కింది మాట తువ్వాల కిందనే."

ఎనిమిది లక్షలు దాటి కొన్న ఆడమనిషి అంటే మాటలా. రాకేశ్ లేచి నిలబడ్డాడు. గొంతు మారింది. "మేడమ్, మీ దగ్గర నెలకు ఎన్ని బొమ్మలు తయారవుతాయి? మీ రేటే చెప్పండి. మా సైట్లో మీ పేరుతోనే పెడదాం." నంబరు తీసుకుని, నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు.

రావు చాయ్ తాగడానికి బయటికి నడిచాడు. నిజాముద్దీన్ ఆగలేకపోయాడు. "ఎంతకు కొన్నవ్ బిడ్డా? అప్పు చేస్తవా?"

"వేలు పట్టుకోలే చాచా. నా చెయ్యి గుప్పిట మూసి, పైనుంచి రెండుసార్లు తట్టిండు. కొన్న ఖర్చన్న తీసుకో సార్ అననీకి పోతే, బల్ల కింద కాలు తొక్కిండు. మస్తు గట్టిగ తొక్కిండు."

ఆరేళ్లుగా ఆ తువ్వాల ముందు నుంచి అలాగే నోరు మూసుకుని లేచిపోయిన మొహాలు నిజాముద్దీన్‌కు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పచ్చళ్లమ్మే ముసలమ్మ, కుట్టుమిషన్ల అంతయ్య. ఎవరూ ధర చెప్పలేదు. ఊకెనే ఇచ్చిండని బజారులో ఎవరూ వాళ్లను చిన్నచూపు చూడనూ లేదు.

నిజాముద్దీన్ పేరును ఆమె ఖాతాకు మార్చడానికి కూర్చుని, తెర మీద గడువు తేదీ చూసి కళ్లజోడు తుడుచుకున్నాడు. రావు చాయ్ గ్లాసుతో లోపలికొచ్చాడు.

"రావు సాబ్, పదేండ్లకు కట్టినవా? ఎప్పుడు?"

"మొన్న. నువ్వు తిడుతుంటే ఇనుకుంటనే కట్టిన. గామె బొమ్మలు మంచిగ చేస్తది గని, తారీకులు మరుస్తది."

"మరి పదేండ్లకు గుర్తుచేసే మెయిలు?"

"ఆమెదొకటి రాయి. నీదొకటి రాయి."

"నాకిప్పుడే అరవై తొమ్మిది."

"అయితే నీ గడువు గూడ పెంచుకో," అని రావు మూల కుర్చీలో కూర్చుని ఆ రోజు జాబితా తెరిచాడు. నిజాముద్దీన్ తన మెయిలు చిరునామాను ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి రాసి, తప్పు పోలేదు కదా అని రెండుసార్లు చూసుకున్నాడు.